నొప్పుల సూది ఎందుకు పెంచము? (కణం చెవి ముడుచుకునే సంగతి)



ప్రసవ గది తలుపు దగ్గర మేము తరచుగా వినే మాట ఒకటుంది. లోపల కోడలు నొప్పులు పడుతూ ఉంటుంది. బయట అత్తగారు మా సిస్టర్ చెయ్యి పట్టుకుని, "సిస్టరమ్మా, పొద్దుగాల నుంచి గిట్లనే ఉంది. ఆ నొప్పుల సూది ఇంకింత పెంచరాదా?" అని అడుగుతుంది. ఇప్పుడే పెంచము అంటే కోపం వస్తుంది. "పైసలు కట్టలేమనుకున్నరా?" అని అడిగినవారూ ఉన్నారు. ఆ సమయంలో కూర్చుని వివరించే తీరిక మాకు ఉండదు, వినే మనసు వారికీ ఉండదు. అందుకని ఈసారి ఈ పేజీని ఆ జవాబు కోసమే పెట్టుకున్నాము. జవాబు కొంచెం పొడుగు. ఎందుకంటే అది ప్రసవ గదిలో మొదలు కాదు, మన శరీరంలోని ఒక్కొక్క కణం దగ్గర మొదలవుతుంది.

నొప్పుల సూది అంటే ఆక్సిటోసిన్ అనే మందు. ఇది బయటి వస్తువు కాదు, తల్లి మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి సహజంగా వదిలే హార్మోనే. దానిని మొదటిసారి 1953లో విన్సెంట్ డు విగ్నో అనే అమెరికా శాస్త్రవేత్త ప్రయోగశాలలో తయారు చేశారు. 1955లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. సీసాలో కలిపి చుక్కలుగా ఎక్కించే ఆ మందు రక్తంతో పాటు గర్భాశయపు కండరం దాకా వెళుతుంది. కానీ కండర కణం లోపలికి తనంత తానుగా పోలేదు. కణం చుట్టూ పలుచని పొర ఉంటుంది. ఆ పొర మీద రిసెప్టర్లు అనే పదార్థాలు ఉంటాయి. వాటిని కణం చెవులు అనుకోండి. ఆక్సిటోసిన్ వచ్చి తన చెవి మీద వాలుతుంది, లోపలికి కబురు వెళుతుంది, కండరం బిగుస్తుంది. అదే మీరు చెప్పుకునే నొప్పి.

ఇంతవరకు చాలామంది విని ఉంటారు. తర్వాత జరిగేదే ఎవరూ చెప్పరు. కబురు విన్న చెవి అక్కడే ఉండిపోదు. అది ఉన్నచోట పొర లోపలికి గుంత పడుతుంది. గుంత లోతై, మెడ సన్నబడి, తెగి, చిన్న తిత్తిలాగా కణం లోపలికి వెళ్ళిపోతుంది. మందూ చెవీ రెండూ ఆ తిత్తిలోనే. ఇదంతా ఒక నిమిషం అటూ ఇటూగా అయిపోతుంది. ఆ తిత్తి ఎంత చిన్నదంటే, మన తల వెంట్రుక మందంలో సుమారు వెయ్యో వంతు. ఈ మింగడానికి ఎండోసైటోసిస్ అని పేరు. 1963లో క్రిస్టియన్ డి డువ్ అనే శాస్త్రవేత్త ఈ మాటను వాడుకలోకి తెచ్చారు.

లోపలికి వెళ్ళిన చెవి గతి ఏమిటి? మన శంషాబాద్ విమానాశ్రయం 2008లో తెరిచినప్పటి నుంచి ఈ చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలు ఎందరో అక్కడ సామాను విభాగంలో పని చేశారు. వాళ్ళకు ఇది ఇట్టే అర్థమవుతుంది. పెట్టె బెల్టు మీద లోపలికి పోయాక దానికి కట్టిన చీటీ చూసి ఏది ఎటు పోవాలో అటు పంపుతారు కదా. కణంలో కూడా అలాగే వేరుచేసే చోటు ఒకటుంది. కొన్ని చెవులను కడిగి మళ్ళీ పొర మీదికి పంపుతుంది. కొన్నింటికి వేరే చీటీ తగులుతుంది. అవి లైసోసోమ్ అనే అరగదీసే గదికి పోయి కరిగిపోతాయి. కబురు కొద్దిసేపే వస్తే చెవులు చాలావరకు తిరిగి వస్తాయి. కబురు గంటల తరబడి ఆగకుండా, గట్టిగా వస్తూనే ఉంటే పొర మీద చెవులు తగ్గిపోతాయి. అంతేకాదు, కొత్త చెవుల తయారీని కూడా కణం తగ్గించుకుంటుంది.

శ్రీశైలం రోడ్డు పక్కన ఇల్లు కట్టుకున్నవారిని అడగండి. మొదటి వారం లారీల మోతకు నిద్ర ఉండదు, నెల తిరిగేసరికి ఆ మోతే వినపడదు. అయితే మనుషులు అలవాటు పడతారు, కణం నిజంగానే చెవిని లోపలికి లాక్కుంటుంది.

ఇప్పుడు ప్రసవ గదికి వద్దాం. ఆక్సిటోసిన్ చుక్కలు చాలా గంటలు నడిచిన తల్లుల గర్భాశయపు కండరాన్ని పరీక్షించినప్పుడు, దాని మీద ఆక్సిటోసిన్ చెవులు బాగా తగ్గిపోయి ఉన్నట్టు పరిశోధకులు చూశారు. అంటే కంగారుపడి మందు పెంచుకుంటూ పోతే వినే చెవులు తగ్గుకుంటూ పోతాయి. అసలు ప్రమాదం అక్కడితో ఆగదు. బిడ్డ బయటపడి, మాయ ఊడిన తర్వాత గర్భాశయం గట్టిగా ముడుచుకోవాలి. అది ముడుచుకుంటేనే మాయ ఊడిన చోట తెరుచుకున్న రక్తనాళాలు నొక్కుకుని మూసుకుంటాయి. ఆ క్షణాన రక్తస్రావం ఆపడానికి మేము మొదట ఇచ్చేది కూడా ఆక్సిటోసినే. పొద్దుటి నుంచి అదే కబురు విని విని చెవులు ముడుచుకున్న కండరం అప్పుడు మాట వినకపోవచ్చు. గర్భాశయం మెత్తగా సంచిలా ఉండిపోతుంది, రక్తం పోతూనే ఉంటుంది. అప్పుడు మిథర్జిన్, మిసోప్రోస్టాల్, కార్బోప్రోస్ట్ లాంటి మందులకు పోవలసి వస్తుంది. అవి వేరే చెవులతో మాట్లాడే మందులు, అందుకే పనిచేస్తాయి. రక్తపోటు ఉన్నవారికి మిథర్జిన్ పనికిరాదు, ఆస్తమా ఉన్నవారికి కార్బోప్రోస్ట్ పనికిరాదు. మీకు ఇలాంటి జబ్బులేమైనా ఉంటే కాన్పుకు వచ్చిన వెంటనే చెప్పమని మేము పదే పదే అడిగేది ఇందుకే.

కాబట్టి మా సిస్టర్ చుక్కలు తక్కువతో మొదలుపెట్టి, కనీసం అరగంట ఆగి, కడుపు మీద చెయ్యి వేసి 10 నిమిషాలలో నొప్పులు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టి, బిడ్డ గుండె చప్పుడు విని అప్పుడే నిర్ణయిస్తుంది. 10 నిమిషాలకు నాలుగు మంచి నొప్పులు వస్తుంటే ఇక పెంచవలసిన పని లేదు. ఐదు దాటితే తగ్గిస్తాము, లేదా ఆపేస్తాము. చేతులు ముడుచుకుని కూర్చున్నట్టు మీకు కనిపించే ఆ అరగంట మా పనిలో భాగమే. ఇంకొక మాట కఠినంగానే చెబుతున్నాము. ఇంటి దగ్గరే ఎవరిచేతనో కండకు నొప్పుల సూది వేయించుకుని, ఆ తర్వాత బండి ఎక్కించి తీసుకురావద్దు. చుక్కలుగా ఎక్కించే మందును ఆపవచ్చు. కండలో వేసిన మందును వెనక్కి తీయలేము. గర్భాశయం చిరిగిపోవచ్చు, బిడ్డకు ఊపిరి అందకపోవచ్చు.

ఇదే సంగతి ఆస్తమావారికీ వర్తిస్తుంది. మన దగ్గర రాళ్ళ క్వారీల దుమ్ము, రోడ్ల దుమ్ము తక్కువేమీ కాదు. నీలం రంగు పంపు, అంటే సాల్బుటమాల్, నొక్కగానే ఊపిరి ఆడుతుంది కాబట్టి చాలామంది దానినే నమ్ముకుంటారు. అది ఊపిరి గొట్టాల కండరం మీద ఉన్న బీటా-2 అనే చెవితో మాట్లాడుతుంది. ఆ చెవులు కూడా పదే పదే నొక్కితే లోపలికి పోతాయి. ఆ లోపలికి పంపే పనిలో సాయపడే పదార్థం పేరే అరెస్టిన్. అంటే ఆపేది అని! ఈ రిసెప్టర్ల జాతి ఎలా పనిచేస్తుందో కనుగొన్నందుకు రాబర్ట్ లెఫ్కోవిట్జ్, బ్రయాన్ కోబిల్కా గార్లకు 2012లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. 200 సార్లు నొక్కే నీలం పంపులు సంవత్సరానికి మూడు లేక అంతకు మించి ఖాళీ చేస్తున్నారంటే మీకు పెద్ద దాడి వచ్చే ప్రమాదం పెరిగిందని అర్థం. 12 ఖాళీ చేస్తుంటే ప్రాణానికే ప్రమాదం. రోజూ పీల్చమని ఇచ్చే స్టెరాయిడ్ పంపు వాపును తగ్గిస్తుంది. దానితో పాటు బీటా-2 చెవుల తయారీని కూడా పెంచుతుంది. స్టెరాయిడ్ అనే మాటకు భయపడి దానిని అటక మీద పెట్టి, నీలం పంపును జేబులో పెట్టుకు తిరిగేవారు ఈ సంగతి ఆలోచించాలి. మృగశిర కార్తెకు చేప మందు కోసం నాంపల్లి వెళ్ళేవారు కూడా తమ పంపులు ఇంట్లో వదిలి వెళ్ళవద్దు.

కణం ఇలా పూత ఉన్న గుంతలతో మింగుతుందన్న సంగతిని మొదట స్పష్టంగా చూసినది ఎక్కడో తెలుసా? దోమలో. 1964లో రాత్, పోర్టర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు డెంగీ వ్యాపింపజేసే జాతి దోమ అండాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూశారు. గుడ్డుసొన పదార్థాన్ని అండం లోపలికి తీసుకునే చోట పొర మీద ముళ్ళులాంటి పూత ఉన్న గుంతలు కనిపించాయి. ఆ పూత క్లాత్రిన్ అనే మాంసకృత్తు అని 1976లో ఇంగ్లండులో బార్బరా పియర్స్ గారు చెప్పారు. తడికెలా, బుట్టలా అల్లుకునే పదార్థం అది. మనకు రోగం తెచ్చే దోమే మన కణం గుట్టు చెప్పింది.

అప్పట్లోనే అమెరికాలో మైఖేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు డాక్టర్లు చిన్న వయసులోనే గుండెపోటు వచ్చే పిల్లల గురించి పరిశోధించారు. ఆ పిల్లల రక్తంలో కొలెస్ట్రాల్ పుట్టుకతోనే విపరీతంగా ఉంటుంది, మోచేతుల మీద, మడమల మీద పసుపు పచ్చని బుడిపెలు వస్తాయి. కొలెస్ట్రాల్‌ను పట్టి లోపలికి మింగే రిసెప్టర్ వారిలో సరిగా లేదు. ఒక రోగిలోనైతే రిసెప్టర్ కొలెస్ట్రాల్‌ను పట్టుకుంటుంది గానీ గుంతలోకి చేరదు, మింగడం జరగదు. పట్టుకోవడం ఒక్కటే చాలదు, మింగాలి అని దానితో రుజువైంది. 1985లో వారికి నోబెల్ వచ్చింది. ఈ లోపం తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ రెండూ వస్తే జబ్బు తీవ్రంగా ఉంటుంది. మేనరికాలు ఎక్కువగా చేసుకునే మన కుటుంబాలలో పిల్లల ఒంటి మీద ఇలాంటి బుడిపెలు కనిపిస్తే పులిపిర్లు అనుకుని ఊరుకోకండి, రక్త పరీక్ష చేయించండి.

కొలెస్ట్రాల్ మాట వచ్చింది కాబట్టి మన హైదరాబాదులోనే జరిగిన పని ఒకటి చెప్పాలి. హబ్సిగూడలో ఉప్పల్ రోడ్డు మీద సి.సి.ఎం.బి. అనే పెద్ద పరిశోధన సంస్థ ఉంది. 1977లో మొదలైంది. పుష్పమిత్ర భార్గవ గారు దాని తొలి డైరెక్టరు. అక్కడ అమితాభ చటోపాధ్యాయ గారి బృందం చాలా సంవత్సరాలు సెరటోనిన్ 1ఎ అనే రిసెప్టర్ మీద పని చేసింది. మనసు స్థిమితానికి, దిగులుకు, ఆందోళనకు సంబంధించిన కబురు వినే చెవి అది. మామూలుగా ఆ చెవి కబురు విన్నాక క్లాత్రిన్ బుట్టలోనే లోపలికి పోయి, తిరిగి పైకి వస్తుంది. కణాలకు స్టాటిన్ మందు పెట్టి చాలాకాలం కొలెస్ట్రాల్ తగ్గించి చూస్తే, చెవి లోపలికి పోయే దారే మారిపోయిందని, చాలా చెవులు తిరిగి రాకుండా లైసోసోమ్ గదికి పోతున్నాయని 2020లో ఆ బృందం ప్రచురించింది. కణం పొరలో కొలెస్ట్రాల్ ఎంత ఉందన్న దానిని బట్టి కూడా కణం వినికిడి మారుతుందన్నమాట.

ఇలాంటి వార్త సగం విని, "కొలెస్ట్రాల్ బిళ్ళ మెదడుకు చెరుపు" అని స్టాటిన్ మానేసేవారు ఉంటారని మాకు తెలుసు. దయచేసి అలా చేయవద్దు. అది గాజు పాత్రలో పెంచిన కణాలలో చూసిన సంగతి, మనుషులలో మందు మానమని చెప్పిన సంగతి కాదు. గుండెపోటు వచ్చినవారికి స్టాటిన్ చేసే మేలు వేలాదిమంది మీద పరీక్షించి తేలినది. స్టాటిన్ వేసుకుంటూ మీకు మనసు బాగుండకపోతే, నిద్ర లేకపోతే, వచ్చి డాక్టరుగారితో చెప్పండి. మోతాదు మార్చవచ్చు, మందు మార్చవచ్చు. మీ అంతట మీరు ఆపవద్దు.

ఇంతవరకు చెప్పినవన్నీ వినే కణం మింగే కథలు. తల్లి కడుపులో బిడ్డ తయారయ్యేటప్పుడు ఇంకా విచిత్రం, చెప్పే కణం కూడా మింగాలి. పక్కపక్కనే ఉన్న రెండు కణాలలో "నేను నరం అవుతాను, నువ్వు చర్మం అవు" అని ఒకటి రెండవదానికి చెప్పాలి. చెప్పే కణం మీద డెల్టా అనే పదార్థం, వినే కణం మీద నాచ్ అనే రిసెప్టర్ ఉంటాయి. రెండూ పట్టుకున్నాక చెప్పే కణం తన డెల్టాను లోపలికి మింగుతుంది. ఆ లాగుడుకు నాచ్ సాగి తెరుచుకుంటుంది, తెగుతుంది, తెగిన ముక్క వినే కణం కేంద్రకంలోకి కబురు మోసుకుపోతుంది. అవతలి నుంచి లాగితేనే ఊడే గొళ్ళెం లాంటిది. షిబిరే అని ఒక రకం పండు ఈగ ఉంది. దానిలో తిత్తి మెడను తెంపే డైనమిన్ అనే పదార్థంలో లోపం ఉంటుంది. దాదాపు 30 డిగ్రీల వేడికి మింగుడు ఆగిపోతుంది, ఈగ కదలలేక పడిపోతుంది. చల్లబరిస్తే లేచి తిరుగుతుంది! ఆ ఈగ పిండాన్ని వేడిలో పెంచితే చర్మం కావలసిన కణాలు కూడా నరాలైపోతాయి.

ఈగ సంగతి మనకెందుకు అంటారా? మనుషులలో నాచ్‌తో మాట్లాడే జాగ్డ్-1 అనే పదార్థం జన్యువు దెబ్బతింటే అలజిల్ అనే పుట్టుక జబ్బు వస్తుందని 1997లో తేలింది. కాలేయంలో పైత్య నాళాలు సరిపడా ఏర్పడవు, గుండెలో లోపం ఉండవచ్చు. ఇది అరుదు. కానీ పైత్య నాళాలు మూసుకుపోయే వేరే జబ్బులు కూడా బయటికి ఇలాగే కనిపిస్తాయి. పుట్టి 14 రోజులు దాటినా బిడ్డ పచ్చగానే ఉంటే, ముఖ్యంగా విరేచనం సున్నం రంగులో, పాలిపోయి ఉంటే, ఎండలో పెడితే పోతుందని, పసరు పోయిస్తే పోతుందని ఇంట్లో ఉంచుకోవద్దు. వీటిలో కొన్నింటికి ఆపరేషన్ ఉంది, కానీ బిడ్డకు రెండు నెలలు దాటకముందు చేస్తేనే ఎక్కువ ఫలితం.

ఇక ఆఖరి సంగతి, ఫోలిక్ యాసిడ్ బిళ్ళ. ఇది కూడా కణాలలోకి వెళ్ళే దారులలో ఈ మింగుడు ఒకటి. ఫోలేట్ రిసెప్టర్ దానిని పట్టుకుని లోపలికి తీసుకుంటుంది. ఆ రిసెప్టర్ లేకుండా చేసిన ఎలుక పిల్లలు కడుపులోనే చనిపోయాయి, వాటి నరాల గొట్టం మూసుకోలేదు. తల్లి ఎలుకకు ఫోలేట్ ఎక్కువగా ఇచ్చినప్పుడు అవి బతికాయి. ఈ ఫోలిక్ యాసిడ్‌ను 1945 నాటికి ప్రయోగశాలలో తయారు చేసిన అమెరికాలోని లెడర్లీ సంస్థ పరిశోధనకు నాయకత్వం వహించినది మన తెలుగువారే, 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు.

బిడ్డ మెదడు, వెన్నుపాము అయ్యే నరాల గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల లోపే మూసుకోవాలి. ఆ రోజుల్లోనే కణాలు ఒకదానితో ఒకటి ఎడతెరిపి లేకుండా మాట్లాడుకుంటాయి, విభజన చెందుతాయి, ఫోలేట్ కోసం ఆకలిగా ఉంటాయి. మూసుకోకపోతే వెన్ను మీద తిత్తితో, కాళ్ళు చచ్చుబడి బిడ్డ పుట్టవచ్చు. ఇంతకుముందు అలాంటి బిడ్డ పుట్టిన తల్లులకు రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇస్తే నాలుగింట దాదాపు మూడు వంతులు మళ్ళీ రాకుండా ఆగిందని 1991లో ఏడు దేశాలలో జరిగిన పరీక్ష చూపించింది. మా దగ్గరికి చీటీ రాయించుకోవడానికి మీరు వచ్చేది రెండు నెలలు తప్పిన తర్వాత. అప్పటికి ఆ గొట్టం మూసుకోవడమో మూసుకోకపోవడమో జరిగిపోయి ఉంటుంది. అందుకే పెళ్ళి కుదిరిన ఆడపిల్లలు, రెండో బిడ్డ కావాలనుకునే తల్లులు గర్భం రావడానికి ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు మొదలుపెట్టాలి.

మందుల షాపులో ఎక్కువగా దొరికేది 5 మిల్లీగ్రాముల బిళ్ళ. అది దీనికి పన్నెండు రెట్లు పైన. వెన్ను లోపంతో బిడ్డ పుట్టినవారికి, మూర్ఛ మందులు వాడేవారికి ఎంత పెద్ద మోతాదు అవసరమో డాక్టరుగారే చెబుతారు, మిగతావారు ఎక్కువ మంచిదని దానినే కొనుక్కోవద్దు. కీళ్ళ జబ్బుకు మెథోట్రెక్సేట్ వాడుతున్నవారు గర్భం అనుకోకముందే తప్పకుండా మాకు చెప్పాలి. ఆ మందు ఫోలేట్ పనిని అడ్డుకునేది, గర్భంలో అసలు పనికిరాదు. వచ్చేటప్పుడు పాత చీటీలు, వాడుతున్న బిళ్ళల అట్టలు అన్నీ ఒక కవరులో వేసుకుని తీసుకురండి.